పదకొండు మంది పక్కన

1946 మార్చి పదిహేడో తేదీ ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో, పాంట్‌గార్వ్ అనే బొగ్గు ఊళ్ళో ఇద్వల్ ప్రిచర్డ్ టీలో చక్కెర వేసుకోవడం మానేశాడు. రాజుల పట్టాభిషేకాలు, మంత్రుల రాజీనామాలు ఏ రోజు ఏ గంటకు జరిగాయో జాగ్రత్తగా రాసిపెట్టుకునే చరిత్రకారులు ఈ తేదీని ఎందుకు వదిలేశారో తెలియదు. వేల్సు దేశపు ఆ లోయలో మాత్రం ఆ సంగతి వారం తిరక్కుండా ఎనిమిది వందల గడపలకూ పాకింది.

అంతకు ముందు ఇద్వల్ కప్పుకు మూడు చెంచాల చక్కెర వేసుకునేవాడు. చెంచా కప్పులో నిటారుగా నిలబడితేనే అది టీ అని అతని సిద్ధాంతం. అలాంటి మనిషి ఒక్క పలుకైనా వేసుకోకుండా, మొహం చిట్లించకుండా తాగుతున్నాడంటే దానికి బలమైన కారణం ఉండి తీరాలి. సైన్యంలో డాక్టర్లు వద్దన్నారని పబ్బులో ఒక వర్గం తేల్చింది. ఎవరో ఫ్రెంచి పిల్ల నేర్పిన అలవాటని రెండో వర్గం వాదించింది. చాపెల్‌లో పాస్టరుగారు ఆత్మనిగ్రహం మీద నలభై నిమిషాలు ప్రసంగించి, "మన మధ్యనే ఒక సోదరుడు" అని ఆగారు. మూడు వందల తలలు ఒక్కసారి ఇద్వల్ వైపు తిరిగాయి. ఇద్వల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

అక్క నెస్టా ఇంట్లో అతడు యథాప్రకారం మూడు చెంచాలూ వేసుకుంటూనే ఉన్నాడన్న సంగతి చరిత్రకు అందలేదు. అసలు కారణం చిన్నది. ఆదివారం పూట అతణ్ణి టీకి పిలిచే ఇళ్ళన్నీ కొడుకులు పోయిన ఇళ్ళు. ఆ తల్లులు వారానికోసారి వచ్చే రేషను చక్కెరను గిన్నెలో పోసి, మూత తీసి, అతని ముందుకు తోసేవారు. ఆ గిన్నెలో చెంచా ముంచడానికి అతనికి చెయ్యి వచ్చేది కాదు.

అలాంటి ఇళ్ళు పదకొండు.

పాంట్‌గార్వ్‌లో ఇంటిపేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని ఎవరు ఏ ప్రిచర్డో తెలియడానికి పని పేరునో, చేసిన ఘనకార్యం పేరునో ముందు తగిలించడం అక్కడి రివాజు. పాల ప్రిచర్డ్, గుర్రాల ప్రిచర్డ్, పాడె ప్రిచర్డ్ అప్పటికే ఉన్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఇద్వల్ పతకాల ప్రిచర్డ్ అయ్యాడు. నిజానికి అతనికొచ్చింది ఒకటే పతకం. కానీ ఊరికి ఏకవచనం మీద గౌరవం తక్కువ.

ఆ పతకం కథ అందరికీ కంఠతా వచ్చు. పశ్చిమ లోయల పటాలంలో బి కంపెనీ అంటే దాదాపుగా ఈ లోయే. ఒకే గనిలో దిగినవాళ్ళు, ఒకే చాపెల్‌లో పాడినవాళ్ళు, ఒకే పబ్బులో పోట్లాడుకున్నవాళ్ళు. 1944 జూన్ ఆరో తేదీ పొద్దున వాళ్ళను ముందు తలుపు కిందికి పడే చదరపు పడవల్లో ఎక్కించి ఫ్రాన్సు ఒడ్డుకు తోశారు. ఒడ్డు చివర సముద్రపు గోడ, గోడ వెనక కాంక్రీటు గూడు, గూట్లో మరతుపాకి. కార్పొరల్ ఇద్వల్ ప్రిచర్డ్ గోడెక్కి, పక్కగా పాకి, ఆ గూటి కన్నంలో రెండు చేతిబాంబులు వేశాడు. తుపాకి నోరు మూసింది. "తన ప్రాణమును లెక్కచేయక, దేనికీ ఆగకుండా ముందుకు సాగి" అని అతని ప్రశంసాపత్రంలో ఉంది. టౌన్‌హాల్లో మేయరుగారు దాన్ని గట్టిగా చదివారు. "దేనికీ ఆగకుండా" అన్నచోట ఆయనే కాసేపు ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, జనం చప్పట్లయ్యాక మళ్ళీ మొదలుపెట్టారు.

అదే పొద్దున, ఆ గోడకు ఇవతల, లోయకు చెందిన పదకొండు మంది పోయారు.

సైన్యం నుంచి విడుదలై ప్రభుత్వం ఇచ్చిన సూటు వేసుకుని ఊరు చేరాక, ఇద్వల్ మొదట వెళ్ళింది కాట్రిన్ ప్రాసర్ ఇంటికి. మొదట చెప్పుకున్న మార్చి పదిహేడు అదే. కాట్రిన్ ప్రాసర్ కొడుకు ఎమ్లిన్, ఇద్వల్ ఒకే వీధిలో పెరిగారు. మిగతా పదిమంది తల్లులకూ "మరణించెను" అని టెలిగ్రాములు వస్తే, ఈమెకు మాత్రం "కనబడుటలేదు, మరణించినట్లు భావింపబడుచున్నది" అని వచ్చింది. ఆ "భావింపబడుచున్నది" అనే మాటతో ఆమె దాదాపు రెండేళ్ళు కాపురం చేసింది. సంతాపానికి తొడిగే నల్ల కోటు కొనలేదు. రంగు కోటు తొడగలేదు. ఎవరైనా పరామర్శిస్తే వద్దనలేదు, సరే అనలేదు.

ఆ రోజు ఆమె టీ పోసి, చక్కెర గిన్నె ముందుకు తోసి, మూడే ప్రశ్నలు అడిగింది. పక్కన ఎవరున్నారు? బాధపడ్డాడా? ఏమైనా అన్నాడా?

"నేనే ఉన్నాను పిన్నీ," అన్నాడు ఇద్వల్. "గుండు తగిలింది. వెంటనే పోయాడు. ఏమీ తెలియలేదు వాడికి. ఏమీ అనలేదు."

ఆమె అతని కప్పులో మళ్ళీ టీ పోసింది. తరువాతి వారం బట్టల రేషను కూపన్లన్నీ ఖర్చుపెట్టి నల్ల కోటు కొనుక్కుంది. చాపెల్ గోడ మీది ఇత్తడి పలకలో పదిమంది పేర్ల కింద ఎమ్లిన్ పేరు వేయించింది. పాస్టరుగారు ఆమె ముఖంలో శాంతి కనబడిందన్నారు. పాస్టరుగారికి శాంతి చాలామంది ముఖాల్లో కనబడుతుంది, కానీ ఆ ఒక్కసారి ఆయన చెప్పింది నిజమే.

ఈ వార్త విని మిగతా తల్లులు కూడా ఇద్వల్‌ను టీకి పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళూ అవే మూడు ప్రశ్నలు అడిగారు. ఇద్వల్ సిద్ధంగా ఉన్న జవాబే చెప్పాడు. నేనే ఉన్నాను, వెంటనే పోయాడు, ఏమీ అనలేదు. గోడెక్కి తుపాకి నోరు మూయించిన మనిషికి ఒక ముసలావిడ ఎదురుగా కూర్చుని "నేను చూడలేదమ్మా, నాకు తెలియదు" అనే ధైర్యం మాత్రం లేకపోయింది. ఆదివారానికొకరు చొప్పున వంతులు ఏర్పడ్డాయి. పదకొండు ఆదివారాలకు ఒక చుట్టు. ప్రతి ఇంట్లోనూ పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష కేకులు, గుమ్మం ముందు శుభ్రంగా తోమిన రాతి మెట్టు, పియానో మీద యూనిఫారంలో కొడుకు ఫోటో. ప్రతి ఇంటి నుంచీ అతడు తిరిగి వచ్చేటప్పుడు ఆ తల్లి కొంచెం తేలికపడి తలుపు వేసేది.

ఇంతటి వ్యూహంలోనూ ఇద్వల్ ఒక పొరపాటు చేశాడు. ఆ పదకొండు మందీ ప్రతి గురువారం మధ్యాహ్నం చాపెల్ వెనక గదిలో ఒకే బల్ల చుట్టూ కూర్చుని మేజోళ్ళు అల్లుతారన్న సంగతి మరిచిపోయాడు. పాంట్‌గార్వ్‌లో పుట్టిన ఏ మగవాడూ దాని గురించి ఎప్పుడూ ఆలోచించి ఉండడు. మేజోళ్ళు ఎక్కడి నుంచో వస్తాయి, అంతే.

ఏడాది పాటు ఆ పొరపాటు బయటపడలేదు. తల్లులు కొడుకుల సంగతి బల్ల దగ్గర ఎత్తేవారు కాదు. ఒకరెత్తితే పదకొండు మందీ ఎత్తాల్సి వస్తుందని వాళ్ళకు తెలుసు. కానీ 1947 ఫిబ్రవరిలో కురిసిన మంచు ఎవరి అలవాట్లనూ గౌరవించలేదు. గొర్రెలు నిలబడ్డచోటే గడ్డకట్టాయి. రైళ్ళు ఆగిపోయాయి. జనవరి ఒకటో తేదీన గని ప్రజలపరమైందని గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు. రెండో తేదీన కూడా ఆ ప్రజలే దిగి తవ్వారు, కాబట్టి దానివల్ల పెద్దగా తేడా రాలేదు. ఆ గనిలోనే ఇద్వల్‌కు దీపాల గదిలో ఉద్యోగం. షిఫ్టుకు దిగేవాడికి దీపం ఇచ్చి, వాడి నంబరున్న ఇత్తడి బిళ్ళ పలక మీద తగిలించాలి. పైకొచ్చి దీపం అప్పగించినవాడి బిళ్ళ తీసెయ్యాలి.

ఆ మంచులో ఒక గురువారం అతడు పని నుంచి వచ్చేసరికి నెస్టా పొయ్యి ముందు నిలబడి ఉంది. చాపెల్ వెనక గదిలో అల్లుకునే ఆ సోదరీ సమాజానికి టీ కాచి పోసేది ఆమే.

"రా నాయనా, రా. నిన్ను ఇవాళ పదకొండు ముక్కలు చేసి పంచుకున్నార్రా," అంది.

"ఎవరు?"

"ఎవరేమిటి, నీ ఆదివారపు పెళ్ళివారు! మంచు ఆగేదాకా కదలడానికి లేదు, ఉన్ని అయిపోయింది, చేతులు ఖాళీ. హన్నా బేనన్ సంగతి తెలుసుగా, చేతులు ఖాళీ అయితే నోరు మొదలవుతుంది. 'మా గ్విలిమ్ పోయేటప్పుడు పక్కన ఇద్వల్ ఉన్నాడు, అదొక్కటే నాకు ఊరట' అంది. దానికి పక్కావిడ, 'మీ గ్విలిమ్ పక్కనా? మా వాడి పక్కన కదా ఉన్నది' అంది."

ఇద్వల్ టోపీ తీయడం మరిచిపోయి నిలబడ్డాడు.

"ముందు పోట్లాడుకున్నార్రా, నీ కోసం. ఆ తరువాత ఒక్కొక్కరే చెయ్యెత్తారు. పదకొండు చేతులు. 'ఇటు ఆరుగురిని, అటు అయిదుగురిని పట్టుకుని నడిచాడేమో' అని ఎవరో అన్నారు. నవ్వాపుకోలేక కెటిల్ కింద పెట్టేశాను. తల తిప్పి చూస్తే ఇంకెవరూ నవ్వట్లేదు."

"ఏడ్చారా?"

"ఏడిస్తే బాగుండేది. అప్పుడు హన్నాయే అంది: 'అబ్బాయి అబద్ధం చెప్పాడు. చెప్పనీ. మనకి నిజం చెప్పడానికి ఎవడొచ్చాడు ఇన్నాళ్ళూ? వచ్చినవాడు వీడొక్కడే. ఈ ఆదివారం వంతు మా ఇంట్లో. వస్తే టీ పోస్తాను, కేకు పెడతాను. ఎవరైనా వాణ్ణి ఒక్క మాటన్నారో, ఊరుకునేది లేదు.' అందరూ తలూపారు."

"మరింకేం అక్కా," అన్నాడు ఇద్వల్, కుర్చీ కోసం చెయ్యి చాపుతూ.

"పదిమంది ఊపారు," అంది నెస్టా. "కాట్రిన్ ప్రాసర్ లేచి అల్లిక సంచీలో పెట్టుకుంది. 'అయితే మా ఎమ్లిన్ పోయాడని ఎవరు చూశారు?' అంది. ఆ మంచులోనే బయటికెళ్ళిపోయింది."

మరునాటికి ఆ ప్రశ్న ఊళ్ళో తిరగడం మొదలుపెట్టింది. కాట్రిన్ ప్రాసర్ నల్ల కోటును చాపెల్‌లో పేదల పెట్టెలో వేసేసి, పలుచని స్వెట్టరు మీద పోస్టాఫీసుకు నడిచి, యుద్ధ శాఖకు ఒక ఉత్తరం వేసింది. జ్ఞాపకం పోయిన సైనికులు పేర్లు చెప్పలేక ఎక్కడెక్కడో ఆసుపత్రుల్లో ఉన్నారని పత్రికల్లో పడుతూనే ఉంది కదా, తన కొడుకు ఆనవాళ్ళు ఇవీ, వెతకండి అని రాసింది. పాస్టరుగారి దగ్గరికెళ్ళి పలక మీది పేరు తీయించమంది. ఇత్తడి అక్షరాలు ఎక్కించడం ఎలాగో ఆయనకు తెలుసు గాని, దించడం ఎవరూ నేర్పలేదు. ప్రార్థన చేద్దామన్నారు. చేసుకోండి, ఈలోగా మరలు విప్పేవాణ్ణి పిలవండి అందామె.

శనివారం నెస్టా ఇంకో కబురు తెచ్చింది. "నిన్న బస్సు డిపోలో ఎవడో సైనికుడి కోటువాణ్ణి వెనకనించి చూసి పరిగెత్తిందట. మంచులో పడింది. వాడు పాపం లేవనెత్తి ఇంటిదాకా దిగబెట్టాడు. వదిలెయ్యరా ఇద్వల్. ఆశ పెట్టుకుంటే పెట్టుకోనీ. ఆశకి రేషను లేదు కదా."

"ఈసారి మంచులో పడింది," అన్నాడు ఇద్వల్. "ఎన్నాళ్ళు పరిగెత్తుతుంది అక్కా?"

"నువ్వెళ్ళి ఏం చెప్తావు? వాడు పోయాడనేగా? అది ఒకసారి చెప్పావు. ఇంకో పది ఇళ్ళల్లోనూ చెప్పావు. నీ మాట ఇప్పుడు ఎవరికి కావాలి?"

ఆమె అన్నది సబబే. పది అబద్ధాలాడిన నోటితో ఇప్పుడు అతడు ఒక నిజం చెప్పాలి. చెప్పి నమ్మించాలి. నమ్మించకపోతే ఆ తల్లి బతికినన్నాళ్ళూ బస్సు డిపోల్లో వీపుల వెంట పరిగెత్తుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటిసారి ఆమెకు చెప్పినదాంట్లో సగమే నిజం. మిగతా సగం చెప్పకుండా ఉండడానికే అతడు ఆ జవాబును తయారుచేసుకున్నాడు. అది ఆమెకు బాగా సరిపోయిందని చూసి మిగతా పదిమందికీ అదే తొడిగాడు.

ఆదివారం మధ్యాహ్నం హన్నా బేనన్ వీధి మలుపు దాటి, నేరుగా పై వీధికి ఎక్కాడు. కాట్రిన్ ప్రాసర్ గుమ్మం ముందు మంచు తీసి ఉంది. లోపల పొయ్యి చుట్టూ ఉన్న కమ్మీల మీద మగవాడి పని బట్టలు ఆరేసి ఉన్నాయి. లోయలో షిఫ్టుకు వెళ్ళేవాడి బట్టలు అలాగే వెచ్చబెడతారు, ఒంటికి చల్లగా తగలకుండా. ఆ ఇంట్లో షిఫ్టుకు వెళ్ళే మగవాడు లేడు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆమె కుర్చీ చూపించలేదు.

"ఇవాళ హన్నా వంతు కదా," అంది.

"అవును పిన్నీ."

"మరి ఇటొచ్చావే? పదకొండు మంది పక్కన ఒకేసారి నిలబడ్డ వీరుడివి, రెండిళ్ళల్లో ఒకేసారి టీ తాగలేవా?"

ఇద్వల్ టోపీని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "ఎమ్లిన్ పోయాడు పిన్నీ. నేను అక్కడున్నాను."

"గ్విలిమ్ దగ్గర కూడా ఉన్నావట."

"లేను. మిగతా పదిమందిలో ఒక్కరినీ చూడలేదు. సాయంత్రం పేర్లు పిలిస్తే పలకలేదు, అంతవరకే తెలుసు నాకు."

"పలకనివాళ్ళంతా పోయినట్టేనా? నీ దీపాల గదిలో షిఫ్టయ్యాక ఒక బిళ్ళ మిగిలిపోయిందనుకో. ఏం చేస్తావు? వాడి పెళ్ళాం దగ్గరికెళ్ళి 'పక్కనే ఉన్నానమ్మా, నొప్పి తెలియకుండా పోయాడు' అని కేకు తినొస్తావా? మనుషుల్ని కిందికి పంపుతావా?"

"పంపుతాను."

"మా వాడి కోసం ఎవర్ని పంపారు?"

"ఎవర్నీ పంపలేదు పిన్నీ."

"చూశావా మరి," అంది ఆమె. అని, కమ్మీ మీది చొక్కాను రెండో వైపుకు తిప్పి వేసింది.

"పడవలో అందరం వాంతులు చేసుకున్నాం," అన్నాడు ఇద్వల్ ఆమె వీపుతో. "వాడు పళ్ళు తీసి జేబులో పెట్టుకున్నాడు. సముద్రంలో పడిపోతాయని."

చొక్కా తిప్పుతున్న చెయ్యి ఆగింది.

ఆ లోయలో కొడుక్కో కూతురుకో ఇరవయ్యొకటో ఏడు వస్తే, చేతనైన తల్లిదండ్రులు ఇచ్చే గొప్ప బహుమానం ఒకటుంది. ఉన్న పళ్ళన్నీ ఒక్క రోజులో పీకించి, రెండు వరసల కొత్త పళ్ళు కట్టించడం. ఇక జన్మలో పంటి నొప్పి ఉండదు, పెళ్ళయ్యాక అవతలివాళ్ళకు ఆ ఖర్చూ ఉండదు. కాట్రిన్ ప్రాసర్ ఎమ్లిన్‌కు అలాగే కట్టించింది. లోయలో సగం మంది పళ్ళు అలాంటివే అయినా వాడికి అదేమిటో సిగ్గు. తల్లి తప్ప ఎవరూ వాణ్ణి పళ్ళు లేకుండా చూడలేదు.

"ఏ జేబు?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"చొక్కా ఎడమ జేబు. పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు."

"గుండీ ఉన్న జేబులోనే పెట్టుకోమని నేనే చెప్పాను." ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. "చెప్పు. ఈసారి మొత్తం చెప్పు."

"నీకు నేను చెప్పినదాంట్లో పక్కన ఉన్నది నిజం. వెంటనే పోయాడన్నది అబద్ధం." అతడు నిలబడే చెప్పాడు. "తలుపు పడింది. దిగాం. నీళ్ళు మొలదాకా ఉన్నాయి. ఇసక తగిలి నాలుగడుగులు వేశామో లేదో వాడు కూర్చుండిపోయాడు. రెండు కాళ్ళకీ తగిలింది. వాడి నడుం చుట్టూ ఇంకా నీళ్ళే. నేను చంక కింద చెయ్యి వేశాను, గోడదాకా ఈడ్చుకుపోదామని. 'ఉండు, పళ్ళు పెట్టుకోనీ' అన్నాడు."

"అవి లేకుండా నలుగుర్లోకి రాడు," అంది తల్లి.

"గుండీ తీయబోయాడు. చలికి వేళ్ళు తిరగడం లేదు. వెనకనించి ఆగొద్దు, ఆగొద్దు అని అరుస్తున్నారు. దెబ్బ తగిలినవాళ్ళ కోసం ఎవరూ ఆగకూడదని ముందే ఆర్డరు. వెనక డాక్టర్ల దళం వస్తుంది, వాళ్ళు చూసుకుంటారని చెప్పారు. వాడు తల వంచుకుని గుండీతో కుస్తీ పడుతున్నాడు." ఇద్వల్ ఆగాడు. "నేను చెయ్యి తీసేశాను."

"ఎంతసేపు ఆగితే సరిపోయేది?"

"నిమిషం."

పొయ్యిలో బొగ్గు విరిగి కిందికి జారింది. ఇద్దరూ దాని వైపు చూశారు.

"ఆ తరువాతది నీకు తెలుసు," అన్నాడు ఇద్వల్. "టౌన్‌హాల్లో చదివారు. దేనికీ ఆగకుండా అని. ఆగనిది వాడి దగ్గరే."

"తెలుసు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను."

"గూడు పని అయ్యి నేను వెనక్కి వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. వచ్చి చూస్తే అక్కడ సముద్రం ఉంది."

"సముద్రం ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదరా."

"పోటు పెరిగింది పిన్నీ. మేం నడిచిన ఇసకంతా నీళ్ళ కింద పడిపోయింది. వాడు కూర్చున్న చోట..." మాట పూర్తి చేయకుండా చెయ్యి ఎత్తి తన తలకు జానెడు పైన పెట్టి చూపించాడు. తను నిలబడి ఉన్నానని, ఎమ్లిన్ కూర్చుని ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చి, చెయ్యి దించేశాడు.

కాట్రిన్ ప్రాసర్ ఆ చెయ్యి పైన ఉన్నంతసేపూ దాన్నే చూసింది.

"పళ్ళు పెట్టుకున్నాడా?" అంది.

ఇద్వల్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పెట్టుకున్నాడు పిన్నీ, నేను చూశాను, అనాలి. నాలుగే ముక్కలు. ఏడాదిగా పదకొండు ఇళ్ళల్లో అలాంటి ముక్కలతోనే తలుపులు మెత్తగా మూయించాడు. ఆమె కూడా ఆ జవాబు కోసమే అడిగినట్టుంది.

"తెలియదు పిన్నీ," అన్నాడు. "నేను చూడలేదు."

ఆమె తల పంకించింది. లేచి, కమ్మీ మీది ప్యాంటు, చొక్కా, లోపలి ఉన్ని బనీను ఒక్కొక్కటే తీసి మడత పెట్టింది. వేడిగా ఉన్నాయి కాబట్టి మడతలు తేలిగ్గా పడ్డాయి. అరలో పెట్టి మూసింది.

"హన్నా ఎదురుచూస్తూ ఉంటుంది. పో," అంది.

"పిన్నీ..."

"ఆ పదిమంది దగ్గరికీ వెళ్ళి ఇప్పుడు నేను చూడలేదు, నాకు తెలియదు అని చెప్పబోకు. వాళ్ళు నిజం అడగలేదు. నేనడిగాను. పో, చీకటి పడుతుంది."

గుమ్మం దాటాక లోపల గడియ పడ్డ చప్పుడు వినిపించింది. ఆమె ఏడుస్తుందేమోనని ఇద్వల్ మంచులో కాసేపు నిలబడ్డాడు. ఏడుపు వినబడలేదు. బకెట్టు కింద పెట్టిన చప్పుడు, తరువాత గచ్చు తోముతున్న చప్పుడు. ఆదివారం పూట గచ్చు తోమడం ఆ లోయలో పాపం. కాట్రిన్ ప్రాసర్ ఆ పాపం చేయగా ఎవరూ వినలేదు, అతడు తప్ప.

హన్నా బేనన్ ఇంట్లో టీ చల్లారిపోతే ఆవిడ రెండోసారి కాచింది. ఆలస్యమెందుకయిందని ఆమె అడగలేదు. కేకు పెట్టింది. గ్విలిమ్ ఫోటో వైపు ఒకసారి, ఇద్వల్ వైపు ఒకసారి చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అన్నీ తెలిసిన మొహంతో అడిగింది.

"మా వాడి పక్కన ఏ వైపున్నావు నాయనా?"

"కుడివైపు, పిన్నీ."

"మంచిది. వాడికి ఎడమ చెవి వినబడదు."

ఆ తరువాత కాట్రిన్ ప్రాసర్ పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి మరలు విప్పేవాడు అక్కర్లేదని చెప్పింది. పేదల పెట్టెలో వేసిన కోటు అప్పటికే ఎవరికో పోయింది. అడగలేదు. గురువారాలు మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి అల్లింది. ఏం విన్నదీ అక్కడెవరితోనూ అనలేదు. ఇద్వల్‌ను మళ్ళీ టీకి పిలవలేదు, వీధిలో కనబడితే మొహం తిప్పుకోనూ లేదు. "చలిగా ఉందిరా" అంటే "అవును పిన్నీ" అనేవాడు.

యుద్ధ శాఖకు వేసిన ఉత్తరం సంగతి మాత్రం ఆమె మరిచిపోయింది. మంచు కరిగి రైళ్ళు నడిచాక, ఏప్రిల్ రెండో వారంలో దానికి జవాబు వచ్చింది. సదరు నంబరు గల సైనికుని విషయమున కొత్త సమాచారమేదియు లేదు అని అందులో ఉంది.